ఎలుగు వేటకు ఎర వేసే చోటు: ఏ స్థలం, ఏ మేత, ఏ డ్రమ్ము

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో నల్ల ఎలుగుబంటి వేట ఏటా ఆగస్టు ఆఖరి సోమవారం మొదలవుతుంది. ఎర దగ్గర కాపు కాసి వేటాడటానికి ఆ రోజు నుంచి నాలుగు వారాలే గడువు. ఎర వేయడం మాత్రం అంతకు 30 రోజుల ముందే మొదలుపెట్టుకోవచ్చు. వేట పండుతుందా ఎండుతుందా అన్నది చాలావరకు ఆ ముప్ఫై రోజుల్లోనే తేలిపోతుంది.

కొత్తగా దిగేవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది "ఏ మేత వేయాలి?" అని. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది ఏ చోటు అని. రెండోది ఆ చోటికి బకెట్లు మోసుకుంటూ వారానికి ఎన్నిసార్లు వెళ్లగలరు అని. మహా గొప్ప చోటు దొరికినా, అక్కడికి నాలుగైదు రోజులకోసారి గానీ వెళ్లలేకపోతే దాన్ని వదిలేయండి. క్రమం తప్పకుండా ఒకే వేళకు మేత పడే మామూలు చోటుకే ఎలుగు అలవాటు పడుతుంది. ఈ కింద చెప్పే పోలికలన్నిటికీ ఇదే తూకపు రాయి.

ముందు చట్టం సంగతి

రాష్ట్రం మారితే నియమం మారుతుంది. మెయిన్‌లో ఎర వేసే చోటు మామూలు వాహనాలు తిరిగే దారికి కనీసం 50 గజాల దూరంలో ఉండాలి. క్యాంపుగ్రౌండుకు, చెత్త డంపుకు 500 గజాలు; మనుషులున్న ఇంటికీ అంతే దూరం, ఇంటివాళ్లు రాసిస్తే తప్ప. ఎర వేసినవాళ్ల పేరు, చిరునామా ఉన్న 2 అంగుళాలకు 4 అంగుళాల చీటీ అక్కడ కనపడేలా కట్టాలి. భూమి యజమాని అనుమతి తప్పనిసరి. ఉత్తర మెయిన్‌లో అడవి చాలావరకు కలప కంపెనీలదీ ప్రైవేటు యజమానులదీ కాబట్టి ఈ అనుమతి పని వేసవి మొదట్లోనే పూర్తి చేసుకోవాలి. మంచి చోట్లు చాలా వరకు గైడ్ల చేతిలో లీజులో ఉంటాయి.

విస్కాన్సిన్ కథ వేరు. అక్కడ ఏప్రిల్ 15 నుంచే ఎర వేయొచ్చు, కానీ ఒక చోట 10 గ్యాలన్లకు మించకూడదు. మేతను తొర్రలోనో గోతిలోనో మొద్దులోనో పెట్టి, జింకలకు అందకుండా దుంగలు, రాళ్లలాంటి సహజమైన వాటితో మూయాలి. మాంసం, చేప, ఎముక పనికిరావు. మిన్నెసోటాలో ఎర చోటును సహజ వనరుల శాఖ దగ్గర నమోదు చేయించి, గుర్తు పలకను నేల నుంచి 6 నుంచి 10 అడుగుల ఎత్తులో కట్టాలి. ఐడహోలో నీటి వనరుకు, బాటకు 200 గజాల దూరం పాటించాలి. మేత పెట్టే పాత్ర 55 గ్యాలన్లు దాటకూడదు. అలాస్కాలో రోడ్డుకు పావు మైలు, ఇంటికి మైలు దూరం. కొలరాడో 1992లో, ఒరెగాన్ 1994లో, వాషింగ్టన్ 1996లో ప్రజల ఓటుతోనే ఎర వేటను మాన్పించాయి. మెయిన్‌లోనూ 2004లో, 2014లో ఓటు పెట్టారు, రెండుసార్లూ నిషేధం వీగిపోయింది. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఎర వేయడమే నేరం. ఇలాంటి నియమాలు ఏటికేడు మారుతుంటాయి, అందుకని ఆ ఏటి వేట పుస్తకం చేతిలో లేకుండా మొదటి బకెట్ ఎత్తొద్దు.

హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్న మనవాళ్లకు ఇంకో మెలిక ఉంది. నాన్‌ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని వేట లైసెన్సు. కాబట్టి వేట భద్రత శిక్షణ, ఆపై లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. స్నేహితుడి తుపాకీ "కాసేపు పట్టుకోవడం" కూడా ఈ వరుసలోనే.

ఇండియాలో ఈ పద్ధతి ఊసే ఎత్తకూడదు. మన అడవుల్లోని ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఒకటో షెడ్యూలు జంతువు. ఆ చట్టం "వేట" అన్న మాటకిచ్చిన అర్థంలోనే ఎర వేయడం కూడా ఉంది. జంతువు చావకపోయినా నేరమే.

చోటు: మూడు రకాల అడవి, మూడు రకాల ఫలితం

ఉత్తర మెయిన్‌లో ఎర వేయడానికి సాధారణంగా మూడు రకాల చోట్లు ఎదురవుతాయి. కొన్నేళ్ల కిందట కలప కొట్టేయగా మళ్లీ ఎదుగుతున్న తుప్పల నేల. బీచ్ (beech) అనే, ఎలుగులు తినే కాయలు కాసే అడవి చెట్లున్న మెట్ట. సెడార్, స్ప్రూస్ అనే ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు దట్టంగా ఉన్న చిత్తడి అంచు.

కలప కొట్టిన నేలలో ఆగస్టు నెలంతా రాస్ప్‌బెర్రీలు కాస్తాయి. ఎలుగులు అక్కడే తిరుగుతుంటాయి కాబట్టి మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎరకు తగులుతాయి. ఆ సంబరం ఎంతోకాలం నిలవదు. ఆ నేల బాహాటంగా ఉంటుంది. వేట మొదలై మనుషుల అలికిడి పెరిగేసరికి పెద్ద ఎలుగు చీకటి పడ్డాక తప్ప అక్కడికి రాదు. పండ్లు అయిపోయాక ఆ చుట్టుపక్కల తిరగాల్సిన అవసరమూ ఉండదు.

బీచ్ మెట్ట చూడగానే మనసు లాగేస్తుంది. బీచ్ చెట్టు బెరడు నున్నగా, బూడిద రంగులో ఉంటుంది. దానిమీద ఎలుగు ఎక్కిన గోటి గుర్తులు ఏళ్ల తరబడి చెరగవు. చెట్టు లావెక్కేకొద్దీ అవీ వెడల్పవుతాయి. పైకి చూస్తే కొమ్మలు విరిచి లోపలికి లాక్కుని తిన్న చోట పెద్ద గూడులాంటి కుప్ప కనిపిస్తుంది. ఇక్కడ ఎలుగులున్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ గుర్తులు సెప్టెంబరు, అక్టోబరువి. ఉత్తర మెయిన్‌లో బీచ్ కాయ ఒక ఏడు విరగకాస్తే మరో ఏడు పెద్దగా కాయదు. కాసిన ఏడు సెప్టెంబరులో కాయ రాలడం మొదలైతే ఎలుగు మీరు ఎరగా వేసిన డోనట్ల వంక కన్నెత్తి చూడదు. కాయని ఏడు ఆగస్టులో అక్కడ ఎలుగుకు పనే లేదు. రెండు విధాలా అది ఎర వేటకు తప్పు చోటు. ఎర లేకుండా నడిచి వేటాడేవాళ్లకు అది స్వర్గం.

చిత్తడి అంచే మా ఎంపిక. సరిగ్గా చెప్పాలంటే, దట్టమైన స్ప్రూస్, సెడార్ గుబురు వచ్చి ఆకులు రాలే చెట్లను కలిసే గీత. ఆగస్టు ఎండకు నల్లటి బొచ్చుతో తిరిగే జంతువు పగలంతా చల్లటి నీడలో, నీటి దగ్గర పడుకుంటుంది. ఎర ఆ గుబురు లోపల, అంచు నుంచి పది పదిహేను గజాల్లో ఉంటే, వెలుతురు ఉండగానే అక్కడికి రావడానికి జంకదు. నేలమీద చూడాల్సినవి: నాచు అణిగి గుంటలు పడ్డ బాట (ఎలుగులు తరచూ ఒకదాని అడుగులో ఒకటి వేస్తాయి), బెర్రీ గింజలు నిండిన పెంట, చీమల కోసం చీల్చిన కుళ్లు దుంగలు.

చిత్తడి అంచుకు ఒక పెద్ద చిక్కుంది. పొద్దు వాలాక చల్లబడ్డ గాలి నీళ్లలా పల్లానికి జారుతుంది. చిత్తడి పల్లంలో ఉంటుంది, ఎలుగు అక్కడే పడుకుంటుంది. మెట్ట వైపు మంచె కడితే, సరిగ్గా అది లేచి బయల్దేరే వేళకు మీ వాసన తిన్నగా దాని ముక్కుకు తగులుతుంది. పగలు గాలి సరిగానే ఉంది కదా అని మంచె కట్టేసి, సాయంత్రం పూట ఎందుకు ఒక్కటీ రావడం లేదో అర్థం కాక తల పట్టుకునేది ఇక్కడే. అందుకని చోటు ఖాయం చేసేముందు ఒక సాయంత్రం అక్కడ నిలబడి గాలిని చూడండి. మెయిన్ పొలాల గట్ల మీద దొరికే మిల్క్‌వీడ్ కాయలోని దూది అచ్చం మన జిల్లేడు దూదే. చిటికెడు వదిలితే ముప్ఫై నలభై గజాల దాకా ఎటు పోతుందో కంటికి కనిపిస్తుంది. గాలి చూసుకోవడానికి దుకాణంలో అమ్మే సీసాలోని పొడి పది అడుగుల్లో మాయమైపోతుంది. పల్లపు గాలి ఏదైనా వాగు వెంట పక్కకు జారిపోయే చోటు దొరికితే అదే పట్టుకోండి.

రెండో సంగతి, ఎలుగు ఎరను నేరుగా చేరదు. గాలి కిందుగా చుట్టు తిరిగి, వాసన పట్టి, అప్పుడు వస్తుంది. మీరు కూర్చునేదీ గాలి కిందే. ఈ రెండూ కలిస్తే అది మీ వెనకగా రావాల్సి వస్తుంది. దీనికి విరుగుడు, మంచె వెనక వైపు ఎలుగు తిరగడానికి ఇష్టపడని ఖాళీ ఉండేలా చూసుకోవడం: కుంట, తెరిపి బురద నేల, లేదా మీరు వచ్చిన పాత కలప దారి. ఈ ఒక్కటి కుదిరితే మిగతా లోపాలు కొన్నిటిని క్షమించొచ్చు.

ఎంత లోపల అన్నదానికి జవాబు మీ భుజాలే చెబుతాయి. అయిదు గ్యాలన్ల బకెట్ ఓట్స్‌తో నిండితే ఇరవై పౌన్లకు దగ్గరగా ఉంటుంది, మొక్కజొన్న గింజలైతే దాదాపు 30. రెండు బకెట్లు పట్టుకుని తుప్పల్లో పావు మైలు రోజూ నడవగలిగేవాళ్లు తక్కువ. దారి నుంచి 100 నుంచి 200 గజాలు మంచి దూరం. బండి శబ్దం ఎలుగుకు వినిపించడం చెడ్డదేమీ కాదు. కొన్నాళ్లకు ఆ చప్పుడే దానికి తిండి గంట అవుతుంది.

మేత: ఖరీదు, బరువు, కుళ్లు

ఆగస్టు నుంచి ఎలుగుకు ఆకలి అంటే మామూలు ఆకలి కాదు. చలికాలం నిద్రకు కొవ్వు పట్టించుకోవడానికి రోజుకు 15,000 నుంచి 20,000 కేలరీల దాకా తింటుంది. కొవ్వు, చక్కెర, పిండి ఉన్నది ఏదైనా దానికి పనికొస్తుంది. తేడాలన్నీ మనకే.

బేకరీలో మిగిలిపోయిన డోనట్లు, రొట్టెలు, కేకులు ఎలుగుకు మహా ఇష్టం. ఎక్కువగా చవకగానే దొరుకుతాయి. కానీ వానకు ముద్దయి రెండు రోజుల్లో బూజు పడతాయి. ఆగస్టు చివర కందిరీగలు కమ్మేస్తాయి, బకెట్ మూత తీసేసరికి కుడతాయి. ప్రతి కవరూ, ప్రతి కాగితమూ ఇంటి దగ్గరే ఊడదీయాలి. అడవిలో పడ్డ ప్లాస్టిక్కును ఎర అనరు, చెత్త అంటారు, జరిమానా దానికే.

పాప్‌కార్న్‌ది వేరే గుణం. బకెట్ నిండా ఉన్నా బరువు ఉండదు, కేలరీలూ తక్కువ. ఎలుగు ఎక్కువసేపు నిలబడి తినాల్సి వస్తుంది, కడుపు మాత్రం త్వరగా నిండదు. విల్లు వేటగాళ్లకు ఇది బాగా ఉపయోగం, ఎందుకంటే బాణం వేయడానికి సరైన క్షణం దాకా ఎలుగు అక్కడే ఉండాలి. ఒట్టి పాప్‌కార్న్ వేస్తే మాత్రం వాన పడగానే నీరుకారిపోతుంది, పైన కొంచెం నూనె చిలకరించాలి.

గ్రనోలా (తీపి కలిపి వేయించిన ఓట్స్), ట్రయిల్ మిక్స్ (పప్పులూ ఎండుపళ్లూ కలిపినది) టోకున డ్రమ్ముల్లో అమ్ముతారు. నిల్వ ఉంటుంది, ఒక చోట దిమ్మరిస్తే చాలా రోజులు సరిపోతుంది. ధర ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, అందులో చాక్లెట్ ముక్కలున్నాయేమో చూసుకోవడం.

చాక్లెట్ గురించి ఇక్కడ కాసేపు ఆగాలి. 2014 సెప్టెంబరులో న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఎర చోటు దగ్గర నాలుగు ఎలుగులు, రెండు తల్లులూ రెండు పిల్లలూ, చచ్చిపడి కనిపించాయి. అక్కడ వేసింది 90 పౌన్ల చాక్లెట్, డోనట్లు. కోకోలో ఉండే థియోబ్రోమిన్ వల్ల గుండె ఆగి చనిపోయాయని పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం ఎరలో చాక్లెట్‌నూ కోకోతో చేసినవాటినీ నిషేధించింది. మీ రాష్ట్రంలో నిషేధం ఉన్నా లేకపోయినా వేయొద్దు. చావాల్సిన తీరు కాదది. పైగా ఎవరి కంటా పడకుండా గుబురులో చచ్చేవి లెక్కకు రావు. జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) వేసిన చక్కెర లేని మిఠాయిలు కుక్కలకు ప్రాణాంతకం. ఎర దగ్గరికి వేటకుక్కలూ వస్తుంటాయి కాబట్టి వాటినీ దూరం పెట్టండి.

మొక్కజొన్న గింజలు చవక అని చాలామంది మొగ్గుతారు. మా ఓటు దానికి లేదు. తడిస్తే పులుస్తుంది, బూజు పట్టి విషమవుతుంది. ఎలుగు కన్నా ముందు జింకలు, రకూన్లు అనే చిన్న అడవి జంతువులు చేరతాయి. జింకలు ఒకచోట మూతులు కలిపి తింటే జింకలను చంపే క్షీణత వ్యాధి (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) పాకే ప్రమాదం ఉంది. చాలా చోట్ల జింకకు మేత వేయడమే నేరం కాబట్టి, మీరు ఎలుగు కోసమే వేశామన్నా వినేవాళ్లు ఉండరు.

మాంసం, చేప తలకాయలు, బీవర్ కళేబరం వసంత వేటకు తగినవి. అలాస్కాలో గుహ నుంచి బయటికొచ్చిన ఎలుగుకు ఆ వాసన దూరం నుంచీ అందుతుంది. చల్లటి వాతావరణంలో నిలుస్తుంది కూడా. మెయిన్ ఆగస్టులో మూడో రోజుకల్లా పురుగులు పడి, కొయోట్లనే తోడేలు జాతి జంతువులనూ గద్దలనూ పిలుస్తుంది. ఎలుగు కుళ్లును తింటుంది గానీ తీపి పక్కనే ఉంటే దాన్ని వదిలేస్తుంది.

ఒక్కటే చెప్పమంటే ఓట్స్ మిశ్రమం అంటాం. 50 పౌన్ల ఓట్స్ బస్తాకు ఒక గ్యాలన్ వాడేసిన వంటనూనె, అర గ్యాలన్ మొలాసిస్ (చెరకు మడ్డి). ఒక పెద్ద తొట్టిలో పార తీసుకుని గింజ గింజకూ పట్టేదాకా కలపాలి. నూనె పట్టిన గింజ వానకు త్వరగా నానదు, బూజూ నెమ్మదిగా పడుతుంది. పైపైన రెండు మూడు గుప్పిళ్ల డోనట్ ముక్కలు చల్లితే చాలు, కొత్త ఎలుగుకు ఆశ పెట్టడానికి. నూనె రెస్టారెంట్లలో దొరుకుతుంది, వడకట్టి తెచ్చుకోండి. కారం మసాలా ఘాటెక్కిన నూనె అయితే వద్దు.

అదే నూనెను కొంచెం ఎర ముందున్న నేలమీద పోస్తే ఎలుగు పాదాలకంటుకుని అది నడిచిన బాటంతా వాసన పరుచుకుంటుంది. ఆ బాటన ఇంకో ఎలుగు వెనక్కి వాసన పట్టుకుంటూ వస్తుంది. ఒక లీటరు చాలు. ఎక్కువ పోస్తే నేల పాడవుతుంది, సీజన్ అయ్యాక ఆ మట్టి తవ్వి తీయాల్సింది మీరే.

వాసన విషయంలో సోంపు నూనెది పెద్ద చేయి. గుడ్డముక్కకు పదిపదిహేను చుక్కలు పట్టించి, ఎలుగుకు అందకుండా పది అడుగుల ఎత్తున కొమ్మకు కడితే గాలి మోసుకెళ్తుంది. తేనె కాల్చడం అనే పద్ధతి కూడా ఉంది: చిన్న స్టవ్ మీద డబ్బాలో తేనె మాడ్చి పొగ పెట్టడం. మొదటి రోజు పిలుపుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎండు ఆకుల అడవిలో నిప్పుతో ఆటలొద్దు. పొడి వాతావరణం ఉన్న వారం, నిప్పు ఆంక్షలున్న వారం సోంపుతోనే సరిపెట్టుకోండి.

డ్రమ్మా, దుంగల దొడ్డా

55 గ్యాలన్ల ఇనప డ్రమ్ము దాదాపు 35 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాన్ని నిలబెట్టి చెట్టుకు గొలుసుతో కడితే మేతకు గూడు దొరుకుతుంది, దాంతోపాటే ఒక కొలబద్ద కూడా. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఎలుగు వీపు డ్రమ్ము నడుము దగ్గర ఆగితే అది చిన్నది, బహుశా ఆడది లేదా కుర్రది. వీపు పై అంచుకు దగ్గరగా వస్తే అది నిజంగా పెద్ద మగది. అడవిలో, మసక వెలుతురులో, గుండె దడదడలాడుతుంటే ప్రతి ఎలుగూ పెద్దగానే కనిపిస్తుంది. పక్కన డ్రమ్ము ఉంటే కన్ను మోసపోదు.

డ్రమ్ము కొనేటప్పుడు ఒకప్పుడు అందులో ఏముండేదో అడగండి. పళ్ల రసం, వంటనూనె, సిరప్ అయితే సరే. రసాయనాలో, ఇంజన్ ఆయిలో ఉన్నది ఎంత కడిగినా వద్దు. అడుగున అరంగుళం రంధ్రాలు ఎనిమిదో పదో వేయకపోతే వాన నీరు నిలిచి మేతంతా పులిసిపోతుంది. గొలుసు చెట్టుకు బిగించేముందు గొట్టం ముక్క తొడిగితే బెరడు కోసుకుపోదు, భూమి యజమానితో పేచీ రాదు.

నోటి దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. పక్కన మధ్యరకం కంత కోస్తే ఎలుగు తల దూరుస్తుంది, చెవుల దగ్గర ఇరుక్కుంటుంది. పెద్దదానికి సరిపోయిన కంతలో పిల్ల తల ఇరుకుతుంది. కాబట్టి కంత మూతి కూడా దూరనంత చిన్నదన్నా అయి ఉండాలి, లేదా పైభాగం మొత్తం తెరిచి ఉండాలి. మా మాట, పైమూత పూర్తిగా కోసేసి, అంచును ఆకురాయితో నునుపు చేసి, రెండు మూడు బరువైన దుంగలు అడ్డం పెట్టండి. వాటిని ఎలుగు సునాయాసంగా నెట్టేస్తుంది, రకూన్ నెట్టలేదు. మర్నాడు దుంగలు పక్కన పడి ఉంటే ఎవరొచ్చారో చెట్టుకు కట్టిన కెమెరా చూడకుండానే తెలుస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ము తేలిక, మోయడం సుఖం. అయితే రెండు మూడు వారాల్లో ఎలుగు దాన్ని నమిలి పీలికలు చేస్తుంది, ఆ పీలికలు ఏరుకోవడం మీ వంతు.

విస్కాన్సిన్‌లోలాగా సహజ వస్తువులతో మూయమనే చోట దుంగల దొడ్డే గతి. గతి అన్నామే గానీ అది తక్కువదేం కాదు. నాలుగడుగుల పొడవు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల మందం ఉన్న దుంగలను మూడు వైపులా పేర్చి, ఒక వైపు తెరిచి ఉంచి, పైన దుంగలు కప్పండి. అయ్యే ఖర్చు లేదు, మోసేది లేదు, సీజన్ అయ్యాక విప్పేస్తే అడవిలో కలిసిపోతుంది. లోపమల్లా వాన, ఓట్స్ మిశ్రమంలో నూనె కొంచెం పెంచుకోవాలి.

దుంగల దొడ్డి పెట్టినా, పక్కన కంత ఉన్న డ్రమ్ము పెట్టినా నోరు ఎటు తిరిగి ఉందో చూసుకోండి. తెరిచిన వైపు మంచె వైపుంటే ఎలుగు మీకు వీపు చూపించి తింటుంది. మంచెకు అవతలి వైపుంటే ముఖం చూపిస్తుంది. రెండూ ఊపిరితిత్తులకు గురి కుదరని భంగిమలే. మంచెకు అడ్డంగా, కుడికో ఎడమకో తెరిస్తే పక్కవాటుగా నిలబడుతుంది. ఈ చిన్న సర్దుబాటు మొదటి రోజే చేయాలి. అలవాటు పడ్డాక డ్రమ్ము తిప్పితే పెద్దవి రెండు రోజులు అనుమానంతో దూరంగా ఉంటాయి.

ఎన్ని చోట్లు, ఎన్ని రోజులకోసారి

ఒక్కరే అయితే రెండు చోట్లు. మూడోది పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. ఒకటి గాలి వాయవ్యం నుంచి వచ్చే రోజుకు, ఇంకోటి నైరుతి నుంచి వచ్చే రోజుకు పనికొచ్చేలా ఎంచుకుంటే దాదాపు ప్రతి సాయంత్రం కూర్చోవడానికి ఒక చోటు ఉంటుంది.

మొదటి రోజు రెండు బకెట్ల మేత, సోంపు గుడ్డ, నేలమీద నూనె. తర్వాత మూడు రోజులు అటు వెళ్లొద్దు. నాలుగో రోజు చూస్తే మేత ముట్టుకోకపోయినా బెంగ వద్దు, వాసన మాత్రం తాజా చేసి రండి. పది రోజులైనా ఏ జాడా లేకపోతే ఆ చోటు వదిలేయడమే మేలు. ఎలుగు ఎరకు తగిలిన తర్వాత రెండు రోజులకోసారి, చివరి పది రోజులూ రోజూ. వేళ ఎప్పుడూ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 లోపు. అప్పుడు ఎలుగు పడుకుని ఉంటుంది. వెళ్లేది ఒకే దారి, అదీ మంచె పక్కగా. మీ వాసన ఆ గీత మీదే అలవాటవుతుంది.

ఎంత వేయాలన్నదే చాలామంది పొరపాటు పడేచోటు. డ్రమ్ము ఎప్పుడూ నిండుగా ఉంటే ఎలుగు తీరిగ్గా అర్ధరాత్రి వస్తుంది. ఎప్పుడూ ఖాళీగా ఉంటే రావడం మానేస్తుంది. మీరు వెళ్లేసరికి అడుగున గుప్పెడు మిగిలుంటే కొలత సరిపోయినట్టు. రోజుకు ఒక బకెట్టుతో మొదలుపెట్టి, రెండు మూడు ఎలుగులు తిరుగుతుంటే రెండుకు పెంచండి. వేట వారంలో కొంచెం తగ్గించొచ్చు, పోటీ పడి ముందొచ్చినదే తింటుంది కాబట్టి పొద్దుండగా వస్తాయి.

కెమెరా సిమ్ ఉన్నదైతే ఫొటో ఫోనుకే వస్తుంది, ఊరికే తిరగడం తప్పుతుంది. అయితే అప్పటికప్పుడు ఫొటో పంపే కెమెరాతో అదే రోజు వేటాడటం కొన్ని రాష్ట్రాల్లో కుదరదు. మెమొరీ కార్డు కెమెరా చవక. మేత వేయడానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి కార్డు మార్చుకోవడం అదనపు పనేం కాదు. ఏదైనా ఏడెనిమిది అడుగుల ఎత్తున, కిందికి వంచి, ఇనప పెట్టెలో బిగించండి. నూనె చేతులతో కెమెరా ముట్టుకుంటే ఎలుగు దాన్నే ముందు నాకుతుంది, తర్వాత కొరుకుతుంది.

మంచె

ఎర నుంచి మంచె దూరం విల్లుకు 15 నుంచి 20 గజాలు, తుపాకీకి 40 నుంచి 70. ఎత్తు 12 నుంచి 16 అడుగులు చాలు. ఇంకా పైకెళ్తే గురి కోణం నిలువయి ఒక ఊపిరితిత్తికే తగులుతుంది, గాయపడ్డ ఎలుగు గుబురులోకి పోతుంది. నిచ్చెన మంచె బరువు, కానీ చప్పుడు చేయదు, కొత్తవాళ్లకు భద్రం. చెట్టుకు వేలాడదీసేది తేలిక, దాన్ని ఎక్కడం దిగడం సాధన ఉన్నవాళ్ల పని. నేలమీది గుడారం వాసన కొంత ఆపుతుంది, కానీ ఎలుగుతో సమానమైన ఎత్తున కూర్చుంటారు. మొదటి ఏడాది వద్దు. ఏ మంచె అయినా ఒళ్లంతా పట్టే బెల్టు, కింది నుంచి పైదాకా తాడు ఉండాల్సిందే. సీజన్‌కు రెండు వారాల ముందే కట్టేయండి. ముఖం పడమర వైపు వద్దు. ఎలుగు వచ్చే చివరి అరగంటలో ఎండ కళ్లలో పడుతుంది.

వేట రోజున ఇద్దరు కలిసి వెళ్తే మంచిది. ఒకరు మంచె ఎక్కాక రెండోవాళ్లు రోజూలాగే మేత వేసి, బకెట్ చప్పుడు చేసుకుంటూ బండెక్కి వెళ్లిపోవాలి. మనిషి వెళ్లిపోయాడని ఎలుగు లెక్క వేసుకుంటుంది. వచ్చిన మొదటిదాన్ని కొట్టేయొద్దు. వెనక పిల్లలున్నాయేమో పది నిమిషాలు చూడండి. తల్లి ముందొచ్చి, పిల్లలు చెట్టెక్కి ఆగడం మామూలే. ఎర వేటకున్న మేలల్లా ఇలా చూసి, ఎంచుకునే తీరిక ఉండటమే. ఆ తీరికను వాడుకోకపోతే ఈ పద్ధతిని సమర్థించుకోవడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

ఎత్తేయడం

మెయిన్‌లో ఎర చోటును నవంబరు 10 లోపు శుభ్రం చేయాలి. మీ వేట ముగిసిన వారంలోనే చేసేయండి. మిగిలిన మేత బకెట్లలోకి, డ్రమ్ము, గొలుసు, సోంపు గుడ్డ, చీటీ, కెమెరా పట్టీలు అన్నీ బండిలోకి. నూనె ఇంకిన మట్టిని రెండు మూడు అంగుళాల లోతున పారతో తీసి సంచుల్లో మోయండి. అలాస్కాలో ఇది చట్టమే. దుంగలు విడివిడిగా చెల్లాచెదురు చేయండి. చివరగా చుట్టూ ముప్ఫై గజాల దాకా నడిచి చూడండి. ఎలుగు డబ్బా మూతనో, కవరునో నోట కరుచుకుని తనకు నచ్చిన నీడకు తీసుకెళ్లి నమిలి ఉంటుంది; అవి డ్రమ్ము దగ్గర దొరకవు.